ప్లాస్టిక్‌కీ కళాయి!

ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచాలంటే ముందు దానికి కళాయి ఉండాలి. లేకపోతే చిలుము దిగి పులుసూ పాడవుతుంది, తిన్నవాళ్ల కడుపూ పాడవుతుంది. ఈ సంగతి మన అమ్మమ్మలకి ఏ బడిలోనూ చెప్పలేదు. ఒకప్పుడు రాజాం, బొబ్బిలి, పాలకొండ వీధుల్లో కళాయి వేసే అతను కేక వెయ్యగానే ఇంట్లోని గిన్నెలన్నీ అరుగు మీదికి వచ్చేవి. అతను కొలిమి రాజేసి, గిన్నె బాగా కాల్చి, నవసాగరం చల్లి, తగరం ముక్క కరిగించి గుడ్డతో ఓ తిప్పు తిప్పేవాడు. గిన్నె పాత గిన్నే. మారిందల్లా లోపలి పల్చటి పొర. కానీ పులుసుకి తగిలేది ఆ పొరే కదా!

ఇదే ఆలోచన ఇప్పుడు ఆపరేషన్ థియేటర్ల దాకా వచ్చింది. ఒంట్లో అమర్చే ప్లాస్టిక్ ముక్కకి పైన సరైన పూత పూస్తే, ఎముక దాన్ని పరాయిదిగా చూడకుండా పట్టుకుంటుంది. అలాంటి పూతని 'బయోయాక్టివ్' పూత అంటారు. అంటే ఊరికే పడి ఉండకుండా చుట్టూ ఉన్న కణాలతో పని చేయించే పూత. అయితే ఇక్కడో చిక్కుంది. ఇత్తడి గిన్నెని కొలిమి మీద పెట్టొచ్చు. ప్లాస్టిక్‌ని పెడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. అందుకే కొలిమి లేకుండా, వీలైతే మన ఒంటి వేడికి మించకుండా ఈ కళాయి వెయ్యడం ఎలాగా అన్నదే శాస్త్రజ్ఞుల ముందున్న ప్రశ్న. ఇంట్లో మోకీళ్ల నొప్పులతో అత్తగారో, నడుం పట్టేసిన అమ్మో ఉన్నవాళ్లకి ఇది తెలుసుకోదగ్గ విషయమే.

ఒంట్లో ప్లాస్టిక్ ఎందుకు?

"ఏటే గుంటా, మనిషి ఒంట్లో పిలాస్టిక్కు పెట్టీస్తారా!" అని మామ్మలు ఆశ్చర్యపోవచ్చు. కానీ శుక్లం ఆపరేషన్ అయి, కళ్లజోడు లేకుండా బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతున్న మామ్మ కంట్లో ఉన్నదీ ప్లాస్టిక్ అద్దమే.

ఆ కథ రెండో ప్రపంచయుద్ధంతో మొదలైంది. యుద్ధవిమానాల పైకప్పు అద్దాల్ని యాక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో చేసేవారు. గుళ్లు తగిలి ఆ అద్దం పగిలినప్పుడు దాని ముక్కలు కొందరు పైలట్ల కళ్లల్లో గుచ్చుకున్నాయి. ఆ ముక్కలు కంట్లోనే ఉండిపోయినా పెద్దగా గొడవ చెయ్యడం లేదని ఇంగ్లండ్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు గమనించారు. 1949లో లండన్‌లో ఆ ప్లాస్టిక్‌తోనే చేసిన కటకాన్ని తొలిసారి మనిషి కంట్లో అమర్చారు. మన దేశంలో 1992లో మదురైలో అరోల్యాబ్ మొదలయ్యాక ఈ కటకాల ధర బాగా దిగివచ్చి, పల్లెటూరి మామ్మలకీ అందుబాటులోకి వచ్చాయి.

మోకీలు మార్పిడిలోనూ అంతే. పైనా కిందా లోహం, మధ్యలో అరగకుండా జారే పాలిథిలీన్ దిమ్మ. మన దేశంలోనే తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన గుండె కవాటంలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే బిళ్ల కూడా గట్టి రకం పాలిథిలీనే. 1990 డిసెంబరులో దాన్ని మొదటిసారి రోగికి అమర్చారు.

వెన్నుపూసల మధ్య డిస్కు అరిగిపోయినప్పుడు దాన్ని తీసి చిన్న దిమ్మ పెడతారు. దానికి 'పీక్' అనే ప్లాస్టిక్ ఎక్కువగా వాడతారు. మెడలోనూ పెడతారు కాబట్టి మన 'పీక'కీ దానికీ పేరు బాగానే కుదిరింది! లోహం ఉండగా ప్లాస్టిక్ ఎందుకంటారా? లోహం మరీ బిర్రు. టైటానియం ఎముక కంటే అయిదారు రెట్లు బిర్రుగా ఉంటుంది. బరువంతా అదే మోసేస్తే పక్కనున్న ఎముకకి పని ఉండదు. పని లేని ఎముక పల్చబడిపోతుంది. పీక్ అలా కాదు, ఎముకలాగే కొంచెం వంగుతుంది. పైగా ఎక్స్‌రే తీస్తే అడ్డురాదు కాబట్టి వెనకాల ఎముక అతికిందో లేదో డాక్టరుకి కనిపిస్తుంది.

ఊరుకున్నంత మాత్రాన సరిపోదు

కంట్లో కటకం గొడవ చెయ్యకుండా ఊరుకుంటే చాలు. కానీ ఎముకలో పెట్టింది ఊరుకుంటే చాలదు. అతుక్కోవాలి. లేకపోతే నడిచినప్పుడల్లా వెంట్రుకవాసి కదులుతుంది. అలా కదిలి కదిలి వదులవుతుంది. వదులైతే నొప్పి, మళ్లీ ఆపరేషన్, మళ్లీ ఖర్చు.

తన తత్త్వానికి సరిపడని వస్తువు లోపలికి వస్తే ఒళ్లు ఏం చేస్తుందో తెలుసా? దాన్ని బయటికి తోసెయ్యలేకపోతే చుట్టూ పీచులాంటి ఓ సంచీ అల్లి అందులో కూర్చోబెడుతుంది. ఇంటికొచ్చిన ముక్కూమొహం తెలియని మనిషిని వీధి అరుగు మీదే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చినట్టన్నమాట. మర్యాద చేస్తుంది, లోపలికి రానివ్వదు. మామూలు ప్లాస్టిక్‌లన్నిటికీ మన ఎముక చేసే మర్యాద ఇదే.

ఈ అరుగు మర్యాదని మార్చిన వ్యక్తి అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన లారీ హెంచ్. ఆయన డాక్టరు కాదు, గాజు మీద పనిచేసే శాస్త్రజ్ఞుడు. 1967లో ఓ సదస్సుకి బస్సులో వెళ్తుంటే పక్కసీట్లో ఓ సైనికాధికారి కూర్చున్నాడు. వియత్నాం యుద్ధం నుంచి అప్పుడే వచ్చాడు. లోహాన్నీ ప్లాస్టిక్‌నీ ఒళ్లు ఒప్పుకోక ఎంతోమంది కుర్రాళ్లకి కాళ్లూ చేతులూ తీసెయ్యాల్సి వస్తోందనీ, ఒళ్లు ఒప్పుకునే పదార్థం చెయ్యగలరా అనీ అడిగాడు. ఆ మాట హెంచ్ మనసులో పడింది. ఎముకలో ఉండేవి కాల్షియం, ఫాస్ఫేట్ కదా, వాటినే గాజులో కలిపితే? 1969లో ఆయన చేసిన గాజుముక్క ఎలుకల ఎముకకి ఎంత గట్టిగా అతుక్కుందంటే, లాగినా ఊడి రాలేదు. బయోయాక్టివ్ పదార్థాల కథ అక్కణ్ణించే మొదలైంది.

మన ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజమే. దాన్ని పోలిన పదార్థాన్ని 'హైడ్రాక్సీఅపటైట్' అంటారు. నోరు తిరగని పేరు కాబట్టి మనం ఎముకసున్నం అనుకుందాం. ఈ ఎముకసున్నం కనబడితే ఎముక కణాలకి పరాయితనం ఉండదు. వచ్చి కూర్చుంటాయి, పని మొదలుపెడతాయి, కొత్త ఎముకని దాని అంచు దాకా అల్లుకొస్తాయి.

కొలిమి కళాయి... చల్లని కళాయి

లోహానికి ఎముకసున్నం పూత వెయ్యడం డాక్టర్లకి కొత్త కాదు. 1985లోనే లండన్‌లో రొనాల్డ్ ఫర్లాంగ్ అనే సర్జన్ ఆ పూత ఉన్న తుంటికీలుని అమర్చారు. ఆ పూత ఎలా వేస్తారంటే, పదివేల డిగ్రీలు దాటిన మంటలోకి పొడిని చిమ్మి, కరిగిన బొట్లని లోహం మీద కొడతారు. అచ్చం కొలిమి కళాయే!

మరి ప్లాస్టిక్ సంగతి? యాక్రిలిక్ సుమారు 105 డిగ్రీలకే మెత్తబడుతుంది. మోకీలులో వాడే పాలిథిలీన్ 135 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే మన పోపు నూనె వేడిని కూడా తట్టుకోలేదు! పీక్ గట్టిది, 343 డిగ్రీల దాకా కరగదు. దానిమీద జాగ్రత్తగా టైటానియం పొడి చిమ్మి చేసిన వెన్నుదిమ్మలు బజారులో ఉన్నాయి. కానీ వేడిగా కొట్టిన మందపాటి పొర, దిమ్మని వెన్నుపూసల మధ్యకి తట్టి దింపేటప్పుడు పెచ్చులూడే ప్రమాదం ఉంది. అందుకే చల్లని దారులు వెతికారు. వాటిలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది, గోడ గీకడంలాంటిది. పాత గోడకి సున్నం పట్టాలంటే ముందు గీకాలి కదా! చేమాకు మీద నీటిబొట్టు ఎలా దొర్లిపోతుందో నున్నటి ప్లాస్టిక్ మీదా దాదాపు అలాగే నిలబడుతుంది. నీళ్లే తడపని చోట కణాలేం కూర్చుంటాయి? అందుకని ప్లాస్టిక్ ముక్కని గాలి తీసేసిన పెట్టెలో పెట్టి, కొద్దిగా ఆక్సిజన్‌లాంటి వాయువుని వదిలి కరెంటు ఇస్తారు. వాయువు ట్యూబులైటులా వెలుగుతుంది. ట్యూబులైటు పట్టుకుంటే చెయ్యి కాలదు కదా, ఇదీ అంతే. ఈ 'చల్లని ప్లాస్మా' ప్లాస్టిక్ పై పొరని మాత్రమే మారుస్తుంది. అప్పుడు నీళ్లు బొట్టుగా నిలబడకుండా పరుచుకుంటాయి. అయితే ఊరికే వదిలేస్తే కొన్ని రోజుల్లో, వారాల్లో ఆ గుణం తగ్గిపోతుంది. కాబట్టి గీకిన గోడకి వెంటనే సున్నం వేసినట్టు, వెంటనే పూత వెయ్యాలి.

రెండోది అన్నిటికంటే అందమైనది. పటికబెల్లం ఎలా చేస్తారో గుర్తుందా? చిక్కటి పంచదార పాకంలో నూలుపోగు వేలాడదీసి కదపకుండా వదిలేస్తే, పోగు చుట్టూ పలుకులు కడతాయి. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో తదాషి కొకుబో అనే ఆచార్యుడు ఎముకసున్నాన్ని ఇలాగే పెంచారు. మన రక్తంలోని ద్రవంలో ఏ లవణాలు ఎంత మోతాదులో ఉంటాయో దాదాపు అంతే కలిపి ఓ నీళ్లు తయారుచేశారు. 1990లో ఆయన బృందం దాని గురించి ప్రకటించింది. దాన్ని 36.5 డిగ్రీల దగ్గర, అంటే జ్వరం లేని మనిషి ఒంటి వేడిలో ఉంచి, సిద్ధం చేసిన ప్లాస్టిక్‌ని అందులో ముంచి వదిలేస్తారు. రోజులు గడిచేకొద్దీ ఎముకసున్నం దానంతటదే పొరగా కడుతుంది. కొలిమి లేదు, మంట లేదు. మన ఎముక పుట్టే వేడిలోనే పూతా పుడుతుంది! పైగా కొలిమిలో పుట్టిన దానికంటే ఈ పొర మన ఎముక ఖనిజానికి దగ్గరగా ఉంటుంది. మందులాంటి సున్నితమైన పదార్థాల్ని కూడా ఇందులో కలపొచ్చు. మంటలో అయితే అవి మాడిపోతాయి.

మూడోది ముంచి తీసే పద్ధతి. టైటానియం డయాక్సైడు అంటే గోడల రంగుల్లో తెల్లదనం కోసం కలిపేదే. దాన్ని పుట్టించే పల్చటి ద్రావణంలో ప్లాస్టిక్‌ని ముంచి తీసి, ఆరబెట్టి, వేడినీళ్లలోనో ఆమ్లంలోనో కొంతసేపు ఉంచుతారు. ఆ పొర ఒంట్లోకి వెళ్లాక రక్తంలోని కాల్షియాన్ని తనే పిలిచి ఎముకసున్నం కట్టించుకుంటుంది.

నాలుగోది ముగ్గు పెట్టినంత ఓపికగా చేసే పని. ఒక ఆవిరిని వదిలితే ఒక్క వరుస అణువులు అంటుకుంటాయి. మిగిలింది తుడిచేసి ఇంకో ఆవిరి వదిలితే ఇంకో వరుస. ఈ పద్ధతిని ఫిన్లాండ్‌లో టువోమో సుంటోలా 1974లో రూపొందించారు. మొదట వాడింది ఒంట్లో పెట్టే వస్తువులకి కాదు, వెలిగే తెరల తయారీకి. కొన్ని పొరల్ని ఇందులో వంద డిగ్రీలలోపే వెయ్యొచ్చు కాబట్టి ప్లాస్టిక్‌కీ పనికొచ్చింది. మూలమూలకీ, సందుసందుకీ సమానంగా పడడం దీని ప్రత్యేకత.

రక్తానికి వేరే కళాయి

ఎముకకి అతుక్కోవడం కావాలి. రక్తానికి మాత్రం అతుక్కోకపోవడమే కావాలి. రక్తం పరాయి వస్తువుని తాకితే గడ్డకడుతుంది. మన ఉత్తరాంధ్రలో ఈ మాట ఎంత దగ్గరదో చెప్పక్కర్లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే ఆడవాళ్లు, మగవాళ్లు ఎందరో. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టే గొట్టం ప్లాస్టిక్. రక్తాన్ని వడగట్టే సన్నని పోగులూ ప్లాస్టిక్కే.

ఇలాంటి గొట్టాలకి హెపారిన్ పూత వేస్తారు. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందు. వేడికి ఆగదు కాబట్టి నీళ్లలోనే, పొర మీద పొరగా అంటిస్తారు. ఇది కూడా చల్లని కళాయే. కొన్ని రకాల కంటి కటకాలకీ ఈ పూత వేశారు. అయితే పూత ఉంది కదా అని డయాలసిస్ గొట్టం దగ్గర శుభ్రత తగ్గించకూడదు. అక్కడ తడి తగలకుండా చూసుకోవడం, నర్సు తప్ప ఎవరూ మూత విప్పకపోవడం ఏ పూత కంటే తక్కువ కాదు.

బస్సులో రుమాలు వేసినట్టు...

ఇక్కడ ఓ ఇబ్బంది కూడా చెప్పుకోవాలి. కణాలకి నచ్చే పూత సూక్ష్మక్రిములకీ నచ్చొచ్చు. రాజాం బస్టాండులో విశాఖపట్నం బస్సు వచ్చి ఆగీ ఆగగానే కిటికీలోంచి రుమాలు వేసినవాళ్లదే సీటు కదా! ఒంట్లో పెట్టిన ముక్క మీదా అలాంటి పోటీయే జరుగుతుంది. మన కణాలు ముందు వచ్చి కూర్చుంటే క్రిములకి చోటుండదు. క్రిములు ముందు రుమాలు వేస్తే వాటిచుట్టూ జిగురులాంటి గూడు కట్టుకుంటాయి. అప్పుడు మందులూ సరిగ్గా పనిచెయ్యవు. చాలాసార్లు ఆ ముక్కనే తీసెయ్యాల్సి వస్తుంది. ఆంటొనీ గ్రిస్టినా అనే అమెరికన్ డాక్టరు 1987లోనే దీన్ని పరుగుపందెంతో పోల్చారు. అందుకే ఎముకసున్నంలో కొద్దిగా వెండినో, యాంటీబయాటిక్‌నో కలిపే ప్రయత్నాలు జరుగుతున్నాయి. మంట లేని పూత కాబట్టే ఇది వీలవుతోంది.

ఇంకో మాట. ప్రయోగశాలలో గాజుపళ్లెంలో బాగా పనిచేసిన పూతలన్నీ మనిషి ఒంట్లో పనిచెయ్యవు. పెచ్చులూడకూడదు. ఆపరేషన్‌కి ముందు క్రిములు లేకుండా శుద్ధి చేసేటప్పుడు పాడవకూడదు. ఏళ్ల తరబడి నడకని తట్టుకోవాలి. ఇవన్నీ దాటి బజారులోకి వచ్చినవి కొన్నే. ఈ నాలుగు పద్ధతుల్లోనూ చాలా పూతలు ఇంకా పరీక్షల దశలోనే ఉన్నాయి.

మన దగ్గర ఏముంది?

ఇదంతా లండన్, క్యోటో కబుర్లే అనుకోకండి. క్షిపణుల కోసం చేసిన తేలికపాటి పదార్థంతో హైదరాబాద్‌లో అబ్దుల్ కలాం బృందం 1990ల్లో పోలియో పిల్లలకి కాలిపట్టాలు చేయించింది. మూడు కిలోల పైచిలుకు బరువున్న లోహపు పట్టాల బదులు దాదాపు 300 గ్రాముల పట్టాలు వేసుకుని నిమ్స్ ఆసుపత్రిలో పిల్లలు పరుగెత్తారని ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నారు. హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజుతో కలిసి గుండె రక్తనాళంలో పెట్టే స్టెంట్‌నీ అక్కడే రూపొందించారు. హైదరాబాద్‌లోనే ఎఆర్‌సిఐ అనే కేంద్ర పరిశోధనా సంస్థ రకరకాల పూతల మీద పనిచేస్తోంది.

ఇంకా దగ్గరికి వస్తే విశాఖపట్నం. రాజాం నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ 2016లో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ మొదలైంది. 2018 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలతో పాటు, ఒంట్లో పెట్టే పదార్థాన్ని పరీక్షించే ప్రయోగశాలలూ, గామా కిరణాలతో శుద్ధి చేసే కేంద్రమూ అక్కడ ఉన్నాయి. ఆవిరి వేడికి ఆగని ప్లాస్టిక్‌కి ఈ కిరణాల శుద్ధి ఎంతో అవసరం.

ఇక మన రాజాం. 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది కానీ, పిల్లల చదువుల కోసం చుట్టుపక్కల ఊళ్లు ఇటు చూడడం మాత్రం మారలేదు. 1997లో ఇక్కడ జి.ఎం.ఆర్. ఇంజినీరింగ్ కాలేజీ మొదలయ్యాక అమ్మాయిలు ఇంజినీరింగ్ కోసం ఊరు దాటాల్సిన పని తగ్గింది. 'ఇంజినీరింగ్ అంటే కంప్యూటరే' అనుకునే తల్లులకి ఓ మాట. ఈ పూతల పనిలో రసాయనశాస్త్రం, మెకానికల్, జీవశాస్త్రం మూడూ కలిసి కూర్చోవాలి. బైపీసీ చదివిన అమ్మాయికీ, ఎంపీసీ చదివిన అమ్మాయికీ ఇందులో చోటుంది. పటికబెల్లం పలుకు ఎందుకు కడుతుందని అడిగే పిల్లని 'నీకెందుకే' అని కసరకండి. అది ఈ శాస్త్రానికి మొదటి ప్రశ్న.

ఆపరేషన్‌కి ముందు ఇవి అడగండి

* పెట్టబోయేది ఏ పదార్థం? లోహమా, పాలిథిలీనా, పీకా? పూత ఉందా, ఉంటే దేనికి? 'స్పెషల్ కోటింగ్' అన్నంత మాత్రాన ఎక్కువ డబ్బు కట్టెయ్యక్కర్లేదు. మీవాళ్ల వయసుకీ, ఎముక బలానికీ అది ఎందుకు అవసరమో డాక్టరుగారిని నిదానంగా అడగండి. అడగడం తప్పు కాదు.

* మోకీలు పరికరాల ధరలకి కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి పెట్టింది. అప్పట్లో మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి పన్ను కాకుండా 54,720 రూపాయలు. ఇప్పుడు ఎంతుందో ఆసుపత్రిలో అడిగి, బిల్లులో పరికరం ధర విడిగా రాయించుకోండి.

* పరికరం డబ్బా మీద కంపెనీ పేరు, నంబరు ఉన్న చీటీలు ఉంటాయి. ఒకటి మీ కాగితాల్లో అంటించమనండి. పదేళ్ల తర్వాత మళ్లీ ఏదైనా అవసరం వస్తే డాక్టరుకి దారి చూపేది ఆ చీటీయే. ఎంఆర్ఐ తీయించుకునేటప్పుడూ అది చూపించాలి.

* ఆపరేషన్‌కి ముందు షుగరు అదుపులోకి తెచ్చుకోండి. పుచ్చిపళ్లు, కాలి పుళ్లు, మూత్రంలో మంట ఉంటే దాచకుండా చెప్పండి. క్రిములు ముందు రుమాలు వెయ్యకుండా మనం చెయ్యగలిగింది ఇదే.

* గుండె కవాటం ఉన్నవాళ్లు రక్తం పల్చబడే మాత్రల్ని సొంతంగా మానకూడదు. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టరుని అడగాలి.

* ఆపరేషన్ అయ్యాక మోకాలు వాచి ఎర్రబడినా, చీము కారినా, తగ్గిన నొప్పి మళ్లీ మొదలైనా 'వయసు కదా, అలాగే ఉంటుంది' అని సర్దుకోవద్దు. బేగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నలభై అయిదు దాటి నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ల ఎముకలు త్వరగా గుల్లబారతాయి. ఎంత మంచి పూతైనా పట్టుకోవడానికి అవతల ఎముక గట్టిగా ఉండాలి. అందరికీ వడ్డించి, మిగిలిన మజ్జిగనీళ్లు తాగే అలవాటు మానండి. మీ గ్లాసు పాలు, మీ రాగి జావ, మీ పూట నడక మీరు ముందే పక్కన పెట్టుకోండి.